ఆరు మెట్లు ఎక్కువ

సాయంత్రం ఏడు. రేవులో క్రేన్లకి దీపాలు వెలిగే వేళ.
వల్పరైసోలో మా రాత్రికాలేజీ రెండో అంతస్తు.
అన్సెల్మో మాస్టారు సుద్దముక్క విరిచి
"ఇవాళ సేనో" అన్నాడు.

వెనక బెంచీ కిసుక్కుమంది.
ఏం చేస్తాం,
మా భాషలో సైన్‌కీ రొమ్ముకీ ఒకటే మాట.

ఆయన కోప్పడలేదు. బోర్డు మీద ఒక విల్లు గీశాడు.
"ఎక్కడో సముద్రాలవతల, హిందూదేశంలో
దీన్ని వింటినారి అన్నారు మొదట.
అరబ్బులు ఆ మాటనే రాసుకున్నారు, అచ్చులు లేకుండా.
లాటిన్‌లోకి దించినవాడు తప్పు చదివాడు,
గుండెల మీద బట్టమడత అనుకున్నాడు.
వందల ఏళ్ళుగా ఆ తప్పుకే
మనం పరీక్షలు రాస్తున్నాం."

కిటికీ పక్కన యాస్నా
శాలువా కింద బుడ్డాడికి పాలిస్తూ
ఎడంచేత్తో వంకరగా ఆ విల్లు దింపుకుంటోంది.
నారి ఎక్కడ లాగాలో
ఆ క్లాసులో తనొక్కతికే తెలిసినట్టుంది.

ఇక నా సంగతి.
యాభై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పి.
పందొమ్మిదేళ్ళు మా కొండలిఫ్టు నడిపాను.
నడపడమంటే ఎక్కడం కాదు, దిగడం కాదు.
పైన యంత్రం గదిలో కూచుని
పెట్టెలు రెంటినీ తాడుతో ఎదురెదురుగా పంపడం.
ఊరంతా నా ముందునుంచి కొండెక్కింది,
బ్రెడ్డు సంచులు, శవపేటిక ఒకటి, పెళ్ళిబట్టల్లో అమ్మాయిలు.
నేను మాత్రం అంగుళం కదల్లేదు.

ఆ వాలుతాడునే కర్ణం అంటారట.
నేను దాన్ని చెవితోనే కొలిచేదాన్ని.
పెట్టెలో ఎంతమంది ఉన్నారో, ఎవరు లావో,
వానకి పట్టాలెంత తడిశాయో
అది సన్నగా మూలిగి చెప్పేది.
మునిసిపాలిటీ తాళం వేశాక
ఆ మూలుగు లేక ఏడాదిపాటు నిద్రపట్టలేదు.
సర్వేయర్ల ఆఫీసులో సహాయకురాలి ఉద్యోగం ఉందన్నారు,
త్రికోణమితి గట్టెక్కితే.

మాస్టారు నాకోసమే ఇచ్చాడు లెక్క:
"తాడు నలభై ఎనిమిది మీటర్లు. వాలు ముప్పై రెండు డిగ్రీలు.
ఎత్తెంత, దోన్యా ఎదువిహెస్?"
కాలేజీవాళ్ళు అరువిచ్చిన కాలిక్యులేటర్ నొక్కాను.
ఇరవయ్యారున్నర.

"కాదు," అన్నాను.
"ఏమిటి కాదు?"
"ఇది ఆరు మెట్లు ఎక్కువ చెబుతోంది."

అందరూ తలలు తిప్పారు.
కరెంటు పోయిన రోజుల్లో
పట్టాల పక్క మెట్లే కదా నాకు దిక్కు.
నూట యాభై నాలుగు.
మెట్టుకి పదహారున్నర సెంటీమీటర్లు,
నా మోకాలికి తెలుసు, గీత గీసినట్టు.
గుణించుకోండి. ఇరవయ్యైదు మీద కొంచెం.
అంతకి మించి ఒక్క మెట్టు ఒప్పుకోను.

మాస్టారు బోర్డు చూశాడు, నన్ను చూశాడు.
తన సూత్రాన్ని తనే మూడుసార్లు తడుముకున్నాడు.
యాస్నాయే లేచి, బుడ్డాణ్ణి భుజాన వేసుకుని,
నా కాలిక్యులేటర్ మీదికి వంగింది.
"రేడియన్లలో ఉందమ్మా ఇది."
ఒక మీట నొక్కింది.
ఇరవయ్యైదు పాయింట్ నాలుగు.

ఈసారి వెనక బెంచీ నవ్వలేదు.
ఒకడు మాత్రం గట్టిగా ఈల వేశాడు,
అదేం మర్యాదో.

తొమ్మిదిన్నరకి అదే కొండ కింద నిలబడ్డాం.
యాస్నాది మా పైవీధే అట, ఇన్నాళ్ళూ తెలియదు.
తుప్పు పట్టిన గేటు. ఉలకని, పలకని తాడు.
బుడ్డాడి బండికి అటు తను, ఇటు నేను.
ఎత్తినవైపు బరువు నా మీదికి జారుతోంది,
దానికీ ఒక కోణం ఉండే ఉంటుంది.

తొంభై ఏడో మెట్టు దగ్గర ఆగాం ఊపిరికి.
కింద సముద్రం నల్లగా, ఓడల దీపాలు.
చలిగాలిలో పాలవాసన.
"కోసేనో అంటే ఏమిటో," అంది తను.
"గురువారం చెబుతాడట," అన్నాను.
ఇంకా యాభై ఏడున్నాయి.